పాతబస్తీ బొమ్మలో పాతబస్తీ కనబడాలంటే

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాలుగేళ్లుగా నీటిరంగులు వేస్తున్నారు. చార్మినార్, లాడ్ బజార్ బొమ్మలు పది దాకా వేశారు. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. శాలిబండలో పుట్టి పెరిగిన మీ మేనమామ మాత్రం చూసి, "చెయ్యి బాగా తిరిగిందిరా, కానీ ఇది మా బస్తీ కాదు, ఏ ఊరైనా కావచ్చు" అన్నారు. అప్పట్నుంచి బ్రష్ పట్టుకోవాలంటే టెన్షన్‌గా ఉందనీ, ఆ బస్తీ గుణం ఎక్కడుంటుందో, దాన్ని కాగితం మీదికి ఎలా తేవాలో చెప్పమనీ అడిగారు.

మీరు జతచేసిన మూడు బొమ్మలూ పెద్దవి చేసి చూశాను. మీ మామయ్య సరిగ్గానే పట్టుకున్నారు. గీతలు బాగున్నాయి, నీడలు బాగున్నాయి. అయితే మూడింట్లోనూ గోడలన్నిటికీ ఒకటే వయసు. మొదటి అంతస్తు కమానుకూ, దాని కింద షట్టరుకూ, పక్కన కొత్తగా కట్టిన పిట్టగోడకూ ఒకే గోధుమ రంగు, ఒకే మరక, ఒకే పాతదనం పూశారు. మా బస్తీలో అలాంటి గోడ ఒక్కటీ ఉండదు. నాలుగు కాలాలు ఒకే గోడ మీద పక్కపక్కన ఉంటాయి. ఒక కాలం ఆగి ఇంకో కాలం మొదలయ్యే అతుకు స్పష్టంగా కనబడుతుంది. నేను ఇన్నేళ్లుగా గీస్తున్నది ఆ అతుకులనే. నా దగ్గరున్న సలహా కూడా అదొక్కటే, మిగతాదంతా దాన్ని ఎలా చేయాలన్న వివరం.

ఈ మాట నాకు ఎక్కడ తట్టిందో చెబుతాను. నేను గౌలిపురలో పెరిగాను. చదువు పదో తరగతితో ఆగింది. బోర్డులు రాసే ఒక ఉస్తాద్ దగ్గర పనికి చేరాను. రేకు మీద ప్రైమర్ పూయడం, దారానికి సుద్ద పట్టించి గీత కొట్టడం, ఎనామిల్ రంగులు కలపడం, తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు అక్షరాలు రాయడం అక్కడే నేర్చుకున్నాను. ఒకరోజు ఒక కిరాణా దుకాణం నెత్తిన గోడ మీద పేరు రాయడానికి వెళ్లాం. పాత రంగు గీకే పని నాది. పైన పచ్చ రంగు పెచ్చులుగా ఊడింది. దాని కింద నీలం. దాని కింద గులాబీ సున్నం. అన్నిటికంటే అడుగున, గచ్చు మీద నల్లటి ఉర్దూ అక్షరాలు. ఉస్తాద్ నిచ్చెన ఎక్కి చదివి, ఇది అత్తరు దుకాణం అన్నాడు. ఆ కిరాణా యజమానికి కూడా ఆ సంగతి తెలియదు. ఉస్తాద్ వెంటనే ప్రైమర్ పూయనివ్వలేదు. యజమానినీ, అటూ ఇటూ దుకాణాల వాళ్లనూ పిలిచి, అందరూ చూశాకే పని మొదలుపెట్టించాడు. ఆ గంటసేపు నేను గీకిన అంచులనే చూస్తూ కూర్చున్నాను. పచ్చ ఆగిన చోట నీలం, నీలం ఆగిన చోట గులాబీ. ఫ్లెక్సీలు వచ్చి బోర్డుల పని పోయాక నీటిరంగుల్లోకి వచ్చాను. ఇరవై ఏళ్లు దాటింది, ఇప్పటికీ ఏ గోడ ముందు కూర్చున్నా ముందు ఆ అంచుల కోసమే వెతుకుతాను.

మీరు ఈసారి వెళ్లినప్పుడు పత్తర్‌గట్టి వెనక గల్లీల్లోనో, మీరాలం మండి వైపో ఒక దుకాణం ముందు నిలబడి కింది నుంచి పైకి చూడండి. కింది అంతస్తు ఇప్పటిది. రోలింగ్ షట్టరు, మెరిసే టైల్స్, ఎల్‌ఈడీ బోర్డు ఉంటాయి. మధ్య అంతస్తు తాతలనాటిది. కమాను కిటికీ, టేకు చెక్క జాలీ, గచ్చుతో పోసిన పువ్వులు ఉంటాయి. దాని పైన మళ్లీ ఇప్పటిదే. రేకుల షెడ్డు, నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, ఆరేసిన బట్టలు. దీనికి కారణం ఉంది. కింద దుకాణం అద్దె తెస్తుంది కాబట్టి డబ్బు అక్కడ పెడతారు. కుటుంబం పెరిగితే గది పైన వేస్తారు. మధ్య అంతస్తు మీద ఖర్చు పెట్టాల్సిన అవసరం ఎవరికీ రాదు, అందుకే అది మిగిలిపోతుంది. ఈ లెక్క తెలిస్తే బొమ్మలో పాతదనం ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో చెయ్యికే తెలుస్తుంది. షట్టరును షట్టరులాగే, కొత్తగా, గట్టి రంగుతో వేయండి. దాన్ని పాతగా చేస్తే పైనున్న కమాను పాతదనం పోతుంది.

పెద్ద కట్టడాల్లో కూడా ఈ అతుకులే ఉన్నాయి. చార్మినార్ కట్టింది 1591లో, దాని మీద మనం చూసే గడియారాలు పెట్టింది 1889లో. మక్కా మసీదు 1617లో కుతుబ్‌షాహీలు మొదలుపెడితే 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. చార్మినార్‌కు వెళ్లే దారిలో పత్తర్‌గట్టి రాతి దుకాణాల వరస చాలామంది నవాబుల కాలం మొదట్లోది అనుకుంటారు. అది 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు చేసిన పని. అందుకే ఆ రాయి అంత తీరుగా, కమానులన్నీ ఒకే కొలతలో ఉంటాయి. దాన్ని పక్క సందులో వంకరపోయిన సున్నపు గోడలాగా వణికే గీతతో వేయకూడదు. మీ రెండో బొమ్మలో అలాగే వేశారు. అదే వరద నీళ్లు మొహర్రం సంతాపాలు జరిపే బాదుషాహీ ఆషుర్ఖానాలోకి కూడా వచ్చి, 1611 నాటి రంగు పలకలను దెబ్బతీశాయి. ఆ గోడ ముందు కూర్చుని ఒక్క పూట గీసి చూడండి. నది ఎంత దగ్గరో అర్థమవుతుంది.

ఇప్పుడు మరకల సంగతి. దీని మీద కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మీ బొమ్మల్లో అన్నిటికంటే ఎక్కువ తప్పింది ఇక్కడే.

పాత గోడల మీద ఉన్నది సున్నపు గచ్చు. అది నీళ్లు పీల్చుకుంటుంది, మెల్లగా వదులుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎక్కడ తడి నిలుస్తుందో అక్కడ పాకుడు పడుతుంది. ఎండాకాలం వచ్చేసరికి ఆ పాకుడు ఎండి నల్లబడుతుంది. మనం గోడ మీద చూసే నల్లటి చారలు చాలావరకు అవే. కాబట్టి నల్ల మరక ఎక్కడపడితే అక్కడ ఉండదు. పిట్టగోడ పైఅంచు మీద ఉంటుంది. తూము కింద పొడుగ్గా జారి ఉంటుంది. ఛజ్జా (కిటికీ పైన ముందుకు వచ్చిన చూరు) చివర నుంచి బొట్లుబొట్లుగా దిగి ఉంటుంది. ఛజ్జాకు సరిగ్గా కింద, వాన తగలని చోట గోడ మీగడ రంగులో శుభ్రంగా ఉంటుంది. మీరు పాతగా కనబడాలని గోడ మొత్తం మీద మరకలు చల్లారు. ఎప్పుడూ వానలో తిరిగినవాళ్ల కన్ను దాన్ని ఒప్పుకోదు. ఏది తప్పో మీ మామయ్య చెప్పలేకపోయి ఉండొచ్చు, కానీ ఏదో తప్పని తెలిసిపోతుంది. ఇంకో మేలు కూడా ఉంది. ఒక్కోసారి తూము ఉండదు, కింద చార మాత్రం ఉంటుంది. అక్కడ ఒకప్పుడు తూము ఉండేదన్నమాట. ఆ చార వేస్తే, లేని తూము కూడా బొమ్మలోకి వచ్చినట్టే.

వేసే పద్ధతి ఇది. ముందు గోడంతా రా సియెన్నా (మట్టి పసుపు) చాలా పల్చగా, అందులో గులాబీ రంగు చుక్క కలిపి పరచండి. మెరుపు పోయి చెమ్మ మాత్రం మిగిలినప్పుడు, అల్ట్రామెరీన్ (ముదురు నీలం), బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ) చిక్కగా కలిపి పిట్టగోడ అంచున తాకించండి. బోర్డు నిలువుగా ఎత్తి పట్టుకోండి. నీళ్లు గోడ మీద ఎలా జారతాయో కాగితం మీదా అలాగే జారతాయి. మీరు గీయకండి, జారనివ్వండి. ట్యూబులో వచ్చే నలుపు వాడకండి, అది సున్నం పక్కన మసిలాగా నిర్జీవంగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన గాలికి తడి నిలవదు, చూస్తుండగానే ఆరిపోతుంది. ఆ నెలల్లో ఈ పని ఉదయం ఎనిమిదిలోపే చేయండి, లేదా కాగితం వెనక వైపు కూడా తడిపి పెట్టుకోండి.

గోడ మీద గచ్చు రాలిన చోట సిమెంటుతో అతుకు వేసి ఉంటారు చూడండి. ఆ రెండింటి అంచులు వేరు. సున్నానికి సున్నంతో మరమ్మతు చేస్తే అంచు కలిసిపోయి మెత్తగా ఉంటుంది. సిమెంటు అతుకు కొంచెం నీలం కలిసిన బూడిద రంగులో, చదునుగా, చుట్టూ కత్తిరించినట్టు ఉంటుంది. పాకుడు దాని మీద ఇంకోలా పడుతుంది. అందుకని గచ్చును తడి మీద తడిగా వేయండి, అంతా ఆరాక సిమెంటు అతుకును గట్టి అంచుతో పైన పెట్టండి. బొమ్మ మొత్తంలో ఈ ఒక్క తేడా సరిగ్గా చూపించినా మీ గోడకు చరిత్ర వచ్చేస్తుంది. నీలిమందు కలిపిన సున్నం గోడలు ఇంకా అక్కడక్కడ ఉన్నాయి. అది పెచ్చులూడిన చోట కిందున్న పాత రంగును ముందే వేసి, ఆరాక, ఆరిన బ్రష్‌తో నీలాన్ని గరుకుగా లాగండి.

వెలుతురు గురించి మీరు అడగలేదు, కానీ చెప్పాలి. చార్మినార్ నాలుగు దారులూ దాదాపు సరిగ్గా నాలుగు దిక్కులకు ఉన్నాయి. గుల్జార్ హౌజ్ వైపు నుంచి కనిపించేది ఉత్తరపు ముఖం. సెప్టెంబరు చివర నుంచి మార్చి మూడో వారం దాకా ఆ ముఖం మీద ఎండ పడనే పడదు, సూర్యుడు పొద్దంతా దక్షిణం వైపే ఉంటాడు కదా. మీ మొదటి బొమ్మలో డిసెంబరు అని రాసి, గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి చూస్తున్నట్టు వేసి, ముఖం మీద పసుపు ఎండ పోశారు. అలా జరగదు. కానీ ఆ నీడ ముఖం చాలా అందంగా ఉంటుంది, దాన్ని వదులుకోకండి. ఆకాశం నుంచి నీలం, ఎండ పడ్డ రోడ్డు నుంచీ పక్క గోడల నుంచీ కింద వెచ్చటి రంగు వచ్చి చేరతాయి. పైన కోబాల్ట్ నీలం పల్చగా, కిందికి వచ్చేకొద్దీ బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ) కలుపుతూ దిగండి. మినార్ల అంచున సన్నగా వెలుగు పెట్టండి, వెనకాల సూర్యుడున్నాడని తెలుస్తుంది.

ఎండ పడ్డ చార్మినార్ కావాలంటే సాయంత్రం లాడ్ బజార్ లోపలికి కొంతదూరం నడిచి వెనక్కి తిరగండి. అది పడమటి దారి, సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, పడమటి ముఖం మొత్తం బంగారంలా ఉంటుంది. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తిన ఉంటాడు, నిలువు వస్తువులకు నీడ ఉండదు. ఆ వారాల్లో మధ్యాహ్నం గీయడం నాకు ఇష్టం ఉండదు. అయితే ఛజ్జాల నీడ ఆ సమయంలో గోడ మీద నిలువునా కిందికి జారి మొత్తం మొదటి అంతస్తును కప్పేస్తుంది, దాని కోసం ఒకసారి వెళ్లవచ్చు. రంజాన్ రాత్రుల్లో వెలుతురు కిందనుంచి, దుకాణాల్లోనుంచి వస్తుంది. అప్పుడు మొహాలు వెలుగుతాయి, కమానులు చీకట్లోకి పోతాయి.

ఫోన్ ఫొటోల నుంచి వేస్తున్నానన్నారు. ఫోన్ మామూలు లెన్సు వెడల్పుది. సందు ఉన్నదానికంటే వెడల్పుగా కనబడుతుంది, ఫోన్ పైకెత్తితే మినార్లు వెనక్కి వాలతాయి, నీడలు నల్లబడతాయి. మా గల్లీల్లో చెయ్యి చాపితే ఎదురిల్లు తగిలేలా ఉంటుంది, మీ బొమ్మలో ఆటోలు రెండు పక్కపక్కన పోయేంత చోటు ఉంది. తప్పనిసరైతే రెండింతల జూమ్‌లో, వెనక్కి జరిగి తీయండి. అక్కడ కూర్చుని పది నిమిషాలు పెన్సిల్‌తో కొలిచిన చిన్న బొమ్మ దానికంటే నూరుపాళ్లు మేలు. సందు వంపు తిరిగే చోట ప్రతి ఇంటి గీతలూ వేరువేరు బిందువులకు పోతాయి. కానీ ఆ బిందువులన్నీ మీ కంటి ఎత్తు గీత మీదే ఉంటాయి. ఆ ఒక్క గీత ముందు గీసుకుంటే ఎన్ని వంపులున్నా ఇబ్బంది లేదు.

జనం విషయంలోనూ అదే గీత పనికొస్తుంది. చదునైన రోడ్డు మీద మీరు నిలబడి చూస్తుంటే, దగ్గరివాళ్లయినా దూరంవాళ్లయినా నిలబడ్డవాళ్ల తలలన్నీ దాదాపు ఆ గీత మీదే వస్తాయి. పాదాలు మాత్రమే దూరాన్ని బట్టి పైకీ కిందికీ మారతాయి. మీ లాడ్ బజార్ బొమ్మలో దూరంగా ఉన్నవాళ్ల తలలు దగ్గరివాళ్ల తలల కంటే పైకి పోయాయి, అందుకే మీరు మిద్దె మీద నుంచి చూస్తున్నట్టు ఉంది. అరుగు మీద కూర్చుని గీస్తే గీత కిందికి దిగుతుంది, నడిచేవాళ్ల నడుములు దాని మీద వస్తాయి, తలలు పైకి పోతాయి. బస్తీని అరుగు మీద కూర్చుని చూసిన చూపు అది. నాకు అదే నచ్చుతుంది.

లాడ్ బజార్ అంటే గాజుల తోరణాలే అందరూ వేస్తారు. నేను చాలాకాలం అదే వేశాను. తర్వాత ఒక లక్కగాజుల పనివాడు తన గది గడపలో కూర్చోనిచ్చాడు. చిన్న గది, ఒక్క కిటికీ. నిప్పుల కుంపటి పక్కన ఆయన కూర్చుంటాడు. లక్కను సెగ మీద మెత్తబరిచి, చదునైన పలక మీద పెట్టి చేత్తో సన్నటి కడ్డీలా సాగదీస్తాడు. దాన్ని చెక్క అచ్చుకు చుట్టి రెండు కొసలూ వేడి మీద కలుపుతాడు. అది చల్లారకముందే రాళ్లు ఒక్కొక్కటీ పొదగాలి. చల్లారితే మళ్లీ సెగ చూపిస్తాడు. రాయి గుచ్చేటప్పుడు మోకాలి మీద ఉన్న గుడ్డకు వేళ్లు తుడుచుకుంటాడు. ఆ గుడ్డ మీద ఎరుపు, పచ్చ, బంగారు రంగుల చారలు పొరలుపొరలుగా ఉన్నాయి. మొహం మీద కిందనుంచి నిప్పుల ఎరుపు, చెంప మీద కిటికీ నుంచి నీలం. నేను వేసింది ఆ రెండు వెలుగుల్లో ఆ చేతులనూ ఆ గుడ్డనూ మాత్రమే. గాజులు ఒక మూలన మూడు రంగుచుక్కలుగా ఉన్నాయి. 2024లో ఈ గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనడానికి వచ్చేవాళ్లు దుకాణం చూస్తారు, బొమ్మ వేసేవాళ్లం మనం ఆ గది చూడాలి.

గాజుల మెరుపు గులాబీ కోసం ట్యూబుల్లో దొరికే ఫ్లోరసెంట్ గులాబీ రంగు వాడకండి, ఎండ తగిలితే కొన్నాళ్లకే వెలిసిపోతుంది. ట్యూబు మీద పీవీ19 అనే రంగు గుర్తు రాసి ఉన్న గులాబీ కొనండి, నిలుస్తుంది. కాగితం 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) కాటన్‌ది ఉంటే చాలు. రంగులు ఆరేడు చాలు. సామాను గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

చేతిలో పుస్తకంతో గల్లీలోకి వెళ్లే ముందు ఒకటి తెలుసుకోండి. నేను కొత్తలో మొఘల్‌పురా వైపు ఒక పాత దేవిడీ (నవాబుల కాలపు పెద్ద ఇల్లు) దర్వాజా గీస్తున్నాను. గడపలో ఒక పెద్దావిడ, ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు. చక్కగా ఉందని వాళ్లనూ వేసేశాను, ఎవరినీ అడగలేదు. ఇంటి కుర్రాడు చూసి లోపలికి వెళ్లాడు, పెద్దాయన బయటికి వచ్చాడు. గట్టిగా ఏమీ అనలేదు. "మీ ఇంటి ముందు కూర్చుని మీవాళ్లను ఎవరైనా ఇలా గీస్తే మీకు ఎలా ఉంటుంది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ కాగితం చింపి ఆయన చేతిలో పెట్టి, మన్నించమని వచ్చేశాను. వారం తర్వాత వెళ్లి ముందు ఆయనకు సలాం చెప్పి, దర్వాజా ఒక్కటే గీసుకుంటానని అడిగాను. కుర్చీ వేయించాడు. గీస్తుంటే వెనక నిలబడి, ఎడమ తలుపుకు ఉన్న ఇత్తడి బొడిపె తన చిన్నప్పుడే ఊడిపోయిందని, అక్కడ ఇనుప గొళ్లెం తర్వాత పెట్టించారని చెప్పాడు. అది నాకై నేను చూసి ఉండేదాన్ని కాదు. అప్పట్నుంచి ముందు ఇంటి పెద్దను అడుగుతాను, ఆడవాళ్ల మొహాలు వేయను, వెళ్లేముందు కాగితం చూపించి వెళ్తాను. ఆ చూపించినప్పుడు చెప్పే మాటల్లోనే సగం బొమ్మ ఉంటుంది.

అక్షరాల దగ్గర జాగ్రత్త. మీ బొమ్మలో ఉర్దూ బోర్డు మీద ఏవో వంకర గీతలు పెట్టారు, చదవడం వచ్చినవాళ్లకు అది ముల్లులా గుచ్చుకుంటుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, నస్తాలీఖ్ రాతలో ఒక్కో మాట కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి జారుతూ వస్తుంది. రాయడం రాకపోతే దుకాణంవాళ్లనే మీ పుస్తకంలో రాయించుకుని, చూసి వేయండి. తెలుగు బోర్డు కూడా అంతే. చేత్తో రాసిన పాత బోర్డుల్లో తలకట్టు చదును బ్రష్ ఒక్క విసురుతో లేచి సన్నబడుతుంది. ఆ విసురు ఫ్లెక్సీ అక్షరాల్లో ఉండదు. చేత్తో రాసిన బోర్డు ఒక్కటి కనబడినా దాన్ని అక్షరం పొల్లుపోకుండా వేయండి. ఫ్లెక్సీలను రంగు ముక్కలుగా వదిలేయండి. కరెంటు తీగలు తీసేయకండి, చివర్లో సన్న బ్రష్‌తో, నడుమ కొంచెం సాగినట్టు, కనబడేవాటిలో సగం వేయండి.

బోనాల గురించి కూడా అడిగారు కదా, లాల్‌దర్వాజ జాతర రోజు వేయాలని ఉందని. జనం, ఘటాలు, పోతరాజు అంతా ఒకేసారి కావాలనిపిస్తుంది, కాగితం మీద అది పట్టదు. ఆ రోజు చిన్న చిన్న స్కెచ్‌లు వేసుకోండి. నేను మాత్రం ఊరేగింపు అయిపోయిన ఒకటి రెండు రోజులకు మళ్లీ వెళ్తాను. గడపలకు పూసిన పసుపు అప్పటికి అడుగులు పడే నడిమి భాగంలో చెరిగి, రెండు మూలల్లో నిలిచి ఉంటుంది. వేపమండలు వాడి ఆకుపచ్చ నుంచి ముదురు గోధుమలోకి తిరుగుతుంటాయి. మా గౌలిపుర గడప రాయి ఒక్కటే ఇలా ఐదుసార్లు వేశాను. ఇంట్లో ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగారో ఆ చెరిగిన చోటు చెబుతుంది.

మీరు ఇప్పుడు చేయాల్సింది కొత్త బొమ్మ మొదలుపెట్టడం కాదు. వచ్చే ఆదివారం పొద్దున్నే, దుకాణాలు తెరవకముందు, మామయ్యను వెంటబెట్టుకుని శాలిబండ వెళ్లండి. ఆయన పెరిగిన గల్లీలో ఒక ఇల్లు ఆయననే ఎంచమనండి. దాని ఎదుట ఇద్దరూ కూర్చోండి. మీరు పెన్సిల్‌తో గీస్తుంటే ఆయన చెప్పింది చెప్పినట్టు పక్కనే రాసుకోండి. ఇక్కడ మెట్లుండేవి, ఆ కిటికీ అప్పట్లో తలుపు, ఈ గోడ నా పెళ్లికి సున్నం వేయించారు, ఇలాంటివి వస్తాయి. తిరిగి వచ్చేముందు గోడ మీద గచ్చు ఎక్కడ, సిమెంటు ఎక్కడ, నీళ్ల చార ఎక్కడనుంచి మొదలైందో గుర్తులు పెట్టుకోండి. రంగు వేయకముందే ఆ పేజీ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. మామయ్య రాయించిన మాటలు చెరపకుండా పెట్టండి.